ఢిల్లీ నుండి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎంత దూరము?

ఢిల్లీకిని శాన్‌ఫ్రాన్సిస్కోకును నడుమ దూరమెంత యని నేడెవరైనను అడిగినచో, చేతిలోని ఫోను క్షణములో సమాధానము చెప్పును: సుమారు 12,400 కిలోమీటర్లు. పెద్ద జెట్ విమానము గంటకు 900 కిలోమీటర్ల వేగముతో పోవునని అందరును ఎరిగినదే గనుక, ఒక అంకెను రెండవదానితో భాగించి, పదునాలుగు గంటలకు లోపుగనే గమ్యము చేరవచ్చునని లెక్క తేల్చుకొనుటయు సులభమే. భాగహారమున దోషము లేదు. కాని ఆ దూరమును కొలిచిన గీత వెంబడి ప్రయాణికులను మోసికొని పోవు విమానము మాత్రము కానరాదు. పర్వతములు కొంతయు, గాలులు కొంతయు, రాజ్యముల పరస్పర వైరములు మిక్కిలిగను ఆ లెక్కను తారుమారు చేయుచున్నవి. మొదటి రెండింటిని మనము మార్చజాలము. మూడవదియు అట్టిదే యన్నట్లు, ఎండను వానను ఓర్చుకొనినట్లు దానిని గూడ ఓర్చుకొని యూరకుండుట మాత్రము న్యాయము కాదని నా యభిప్రాయము.

దూరము వేరు, ప్రయాణము వేరు అను వివేకము మన పెద్దలకు కొత్తది కాదు. 1830 మే 18వ తేదీన చెన్నపట్టణము నుండి బయలుదేరి, కాశీ గయాది క్షేత్రములను సేవించి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి మరల ఇల్లు చేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు, తమ కాశీయాత్ర చరిత్రలో మజిలీకి మజిలీకి నడుమనున్న ఆమడల లెక్కతోనే తృప్తిపడక, దారి యెట్టిది, ఊరిలో వసతి యెట్టిది, ఏ వస్తువు దొరకును, ఆ సీమ నేలువారెవరు అను సంగతులను గూడ శ్రద్ధతో వ్రాసియుంచిరి. ఆమడలు దూరమును తెలుపును. బాటసారికి ఎన్ని దినములు పట్టునో తెలుపునవి ఆ తక్కిన సంగతులే. ఇన్నూరు సంవత్సరములు కావచ్చిన తరువాత, ఆకాశమార్గమున పోవు మనకును ఏ సీమ మీదుగ పోవుచున్నాము, ఆ సీమ నేలువారు మనలను పోనిత్తురా అను ప్రశ్నలే ముఖ్యములై యున్నవి. అవి మాత్రము టిక్కెట్టు మీద అచ్చుపడుట లేదు.

మొదట భూమి యొక్క ఆకారమునుగూర్చి చెప్పవలెను. గోడకు తగిలించిన పటమును చూచినవారికి, ఢిల్లీ నుండి తిన్నగ తూర్పునకు సాగి, చైనా జపానులను దాటి, పసిఫిక్ మహాసముద్రము మీదుగ పోవుటయే దగ్గరి దారియని తోచును. అదే రెండు నగరముల నడుమ గోళముపై దారము బిగించి చూచినచో సంగతి వేరుగనుండును. ఢిల్లీ తూర్పు రేఖాంశము 77, శాన్‌ఫ్రాన్సిస్కో పశ్చిమ రేఖాంశము 122. అనగా రెండును భూగోళమునకు దాదాపు చెరియొక వైపున నున్నవి. అందుచేత వాని నడుమ అతిహ్రస్వమైన దారి తూర్పుగ పోక ఉత్తరముగ పోవును. లడఖ్ ప్రాంతమును, సింకియాంగ్ ఎడారిని, ఆల్టాయ్ పర్వతములను దాటి, సైబీరియా మీదుగ ఆర్కిటిక్ సముద్రమునకెక్కి, ఉత్తర అక్షాంశము 75 దాటిన పిదప అలాస్కా వైపు దిగి, కాలిఫోర్నియా తీరమును చేరును. ఫోను చెప్పిన 12,400 కిలోమీటర్లు ఈ వక్రరేఖ యొక్క పొడవు.

ఈ రేఖకు తొలి విఘ్నము హిమాలయముల యొద్దనే కలుగుచున్నది. విమానము పది పండ్రెండు కిలోమీటర్ల ఎత్తున ఎగురును. ఎవరెస్టు శిఖరమే తొమ్మిది కిలోమీటర్లకు లోబడి యుండగా భయమేమి యని అడుగవచ్చును. భయము శిఖరమును తాకుదుమని కాదు. ఏ కారణము చేతనైనను విమానములోని గాలి పీడనము తగ్గిపోయినచో, తలపైనుండి జారిపడు ముసుగులలోని ప్రాణవాయువు సాధారణముగ పావుగంట మాత్రమే వచ్చును. ఆ వ్యవధిలో విమానమును మనుష్యులు ఊపిరి పీల్చుకొనదగిన సుమారు మూడువేల మీటర్ల ఎత్తునకు దింపవలెను. టిబెట్టు పీఠభూమి సగటున నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున పరచుకొనియున్నది. దిగుటకు అచ్చట చోటెక్కడిది? కనుకనే విమానములు ఆ మార్గమును తప్పించుకొని, పడమటి ద్వారమున పాకిస్తాను, ఆఫ్గనిస్తానుల మీదుగనో, తూర్పు ద్వారమున బంగ్లాదేశ్, బర్మా, చైనాల మీదుగనో బయటపడవలసియున్నది.

రెండవ విఘ్నము గాలి. విఘ్నమే కాదు, ఒకప్పుడు వరము కూడ. ఎయిర్ ఇండియా 2015 డిసెంబరులో ఈ రెండు నగరముల నడుమ ఆగకుండ పోవు విమానమును ఆరంభించినపుడు, అది ఐరోపా, అట్లాంటిక్ సముద్రముల మీదుగ సుమారు 13,900 కిలోమీటర్లు నడచి, పదునారు పదునేడు గంటలకు చేరుచుండెను. 2016 అక్టోబరులో ఆ దారిని తూర్పునకు త్రిప్పి పసిఫిక్ మీదుగ నడిపిరి. దూరము 15,300 కిలోమీటర్లకు పెరిగి, ఆనాటికి ప్రపంచమున ఆగకుండ సాగు విమానములలో అదియే అతిదీర్ఘమైనదిగ పేరొందెను. ప్రయాణకాలము మాత్రము పదునాలుగున్నర గంటలకు తగ్గెను. పదునాలుగువందల కిలోమీటర్లు ఎక్కువ నడచి, రెండు గంటలు ముందుగ చేరుట గణితమున అసంబద్ధముగ కనిపించినను, గాలిని లెక్కలో చేర్చినంతనే సుబోధమగును. తూర్పుగ పోవు ఆ విమానము వెనుకగాలి బలముచేత నేలపై కొలిచినచో గంటకు వేయి కిలోమీటర్లను మించిన వేగముతో సాగుచుండెను.

ఆ గాలి పడమటి నుండి తూర్పునకు, విమానములు ఎగురు ఎత్తుననే, నదివలె ప్రవహించు జెట్ స్ట్రీము. దీనిని మొదట సశాస్త్రీయముగ కొలిచినవాడు జపాను దేశపు వాతావరణ శాస్త్రజ్ఞుడు ఒయిషి వసాబురో. 1920 దశకమున తతెనో అను చోట బెలూనులను ఎగురవేసి, పై పొరలలోని గాలి యొక్క ప్రచండవేగమును గుర్తించి, లోకమునకంతకు తెలియవలెనను సదుద్దేశముతో తన నివేదికను ఎస్పెరాంటో భాషలో ప్రకటించెను. ఆ భాష చదువువారు కొలదిమందియే యగుటచేత అది మరుగున పడిపోయెను. 1944లో జపానుపై బాంబులు వేయవచ్చిన అమెరికా వైమానికులు ఆ గాలిని స్వయముగ ఎదుర్కొన్న పిదపగాని దాని మహిమ లోకమునకు తెలియలేదు.

భూమి పడమటి నుండి తూర్పునకు తిరుగుచున్నది గనుక తూర్పుగ పోవు విమానము త్వరగ చేరునని చెప్పుట వినుచుందుము. అది పొరపాటు. భూమితో పాటు దాని నావరించిన వాయుమండలమును తిరుగుచునే యుండును. విమానమునకు సాయపడునది ఆ భ్రమణమునకు అదనముగ వీచు గాలి మాత్రమే. గడియారపు లెక్క మరియొక మాయ. ఢిల్లీ గడియారమునకు శాన్‌ఫ్రాన్సిస్కో గడియారము చలికాలమున పదుమూడున్నర గంటలు వెనుకబడియుండుటచేత, తెల్లవారుజామున బయలుదేరినవాడు పదునైదు గంటలు కూర్చుండియు, ఆ తేదీ తెల్లవారుజాముననే దిగును. తిరుగు ప్రయాణమున ఒక దినమే కనబడక పోవును. ఇవన్నియు ప్రకృతి ధర్మములు, పంచాంగ ధర్మములు. వీనిపై ఎవరును ఫిర్యాదు చేయజాలరు.

ఇక మనుష్యకృతమైన దూరమును చూతము. 1944 డిసెంబరు 7వ తేదీన షికాగోలో కుదిరిన అంతర్జాతీయ పౌర విమానయాన ఒడంబడిక, తన మొదటి అధికరణముననే, ప్రతి రాజ్యమునకు తన భూభాగముపైనున్న ఆకాశము మీద సంపూర్ణమును అనన్యమునైన సార్వభౌమత్వము గలదని ఒప్పుకొన్నది. సముద్రముపై పోవు ఓడకు, పరదేశపు తీరజలములందు గూడ, హాని చేయకుండ దాటిపోవు హక్కు గలదు; నియతమైన విమానసర్వీసుకు అట్టి హక్కు లేదు, అనుమతి మాత్రమే కలదు. అనుమతి ఇచ్చిన చేయియే దానిని వెనుకకు తీసికొనవచ్చును. గత అర్ధశతాబ్దమున అట్లు తీసికొనిన ప్రతిపర్యాయమును, పటముపై కదలక యున్న నగరములు ప్రయాణమున ఒకదానికొకటి దూరమైపోయినవి.

మన దేశమే అట్టి పని చేసిన సందర్భము గలదు. 1971 జనవరి 30వ తేదీన శ్రీనగరు నుండి జమ్మూకు పోవు ‘గంగ’ అను విమానమును దౌర్జన్యముతో లాహోరునకు మళ్లించి, అచ్చట తగులబెట్టిన పిమ్మట, ఫిబ్రవరి 4న భారత ప్రభుత్వము పాకిస్తాను విమానములకు మన ఆకాశమును మూసివేసెను. అంతట కరాచీ, ఢాకాలు, ఆనాడు ఒకే రాజ్యములోని రెండు ప్రధాన నగరములు, నేరుగ రమారమి 2,400 కిలోమీటర్ల దూరముననున్నవి, సింహళము మీదుగ చుట్టి రావలసినంత దూరమై, మార్గము రెట్టింపునకు చేరెను. కోపమునకు కారణము లేకపోలేదు. వ్యాజ్యము అంతర్జాతీయ న్యాయస్థానము వరకును పోయెను. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ మండలికి ఈ తగవును విచారించు అధికారము లేదన్న మన వాదమును ఆ న్యాయస్థానము 1972 ఆగస్టు 18న త్రోసిపుచ్చెను. 1976లో ఉభయదేశములు రాజీపడి ఆకాశమును తెరచుకొనినవి.

ఐరోపాలోని హెల్సింకి, జపానులోని టోక్యోల కథయు ఇట్టిదే. సోవియట్ రాజ్యము దారి ఇయ్యని కాలమున, 1983లో, ఫిన్ఎయిర్ సంస్థ ఉత్తరధ్రువము మీదుగ చుట్టి టోక్యోకు పదుమూడు గంటలకు విమానము నడిపెను. తరువాత సైబీరియా ఆకాశము తెరువబడగా అది తొమ్మిది పది గంటల ప్రయాణమయ్యెను. 2022లో ఉక్రెయిన్ యుద్ధముచేత ఐరోపా, రష్యాలు పరస్పరము ఆకాశములను మూసికొనుటతో, నలువది సంవత్సరముల యంత్రప్రగతి యంతయు చేతనుండగనే, మరల పదుమూడు గంటలయ్యెను.

ఇప్పుడు మన రెండు నగరముల యొద్దకు వత్తము. 2022 మార్చి నుండి అమెరికా విమానములకు రష్యా ఆకాశము మూతపడెను. ఎయిర్ ఇండియాకు తెరచియే యుండెను. యునైటెడ్ సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో–ఢిల్లీ విమానమునే మానుకొనవలసి వచ్చెను. నగరములు అవియే, ఆకాశము అదియే. విమానము తోకమీది గుర్తునుబట్టి దారి ఒకరికి కలదు, ఒకరికి లేదు. ఆ దారి కలిగియుండుటయు నిరపాయము కాదని 2023 జూన్ 6న తెలియవచ్చెను. శాన్‌ఫ్రాన్సిస్కోకు పోవుచున్న ఎయిర్ ఇండియా విమానము ఇంజను లోపముచేత రష్యా తూర్పు కొననున్న మగదాన్‌లో దిగగా, 216 మంది ప్రయాణికులు అచ్చట చిక్కుకొని, ముంబయి నుండి మరియొక విమానము వచ్చి తీసికొనిపోవువరకు వేచియుండిరి.

రష్యా ఆకాశము మాట ఇట్లుండగా, పడమటి ద్వారము మాటిమాటికి మూతపడుచున్నది. 2019 ఫిబ్రవరిలో బాలాకోట్ దాడి పిదప పాకిస్తాను తన ఆకాశమును మూసి, జులై 16న గాని తెరువలేదు. ఆ జులై 2వ తేదీ నాటికే ఎయిర్ ఇండియాకు 491 కోట్ల రూపాయల నష్టము వచ్చినదని విమానయాన మంత్రి రాజ్యసభకు తెలిపిరి. అది తెరచిన తరువాతనే, ఆగస్టు 15న, ఢిల్లీ నుండి పాకిస్తాను, ఆఫ్గనిస్తాను, కజకస్తాను, రష్యాల మీదుగ ఉత్తరధ్రువము దాటి ఎయిర్ ఇండియా విమానము శాన్‌ఫ్రాన్సిస్కో చేరెను. 2021 జనవరిలో కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి మున్నగు స్త్రీలే నడుపగా, శాన్‌ఫ్రాన్సిస్కో నుండి బెంగుళూరునకు అదే ధ్రువము మీదుగ సుమారు 14,000 కిలోమీటర్లు విమానము వచ్చినది. అట్టి సంతోషములు నిలువలేదు. పహల్గాం ఘాతుకము తరువాత 2025 ఏప్రిల్ 24న పాకిస్తాను భారత విమానములకు ఆకాశమును మూసెను. 30వ తేదీన మనమును వారి విమానములకు మూసితిమి. ఢిల్లీ నుండి ఉత్తర అమెరికాకు పోవు విమానములు కొన్ని ఇంధనము కొరకు వియన్నాలోను, కోపెన్‌హాగన్‌లోను దిగవలసి వచ్చెను.

చుట్టి పోవుట యనగా ఒక గంట ఎక్కువ కూర్చుండుట మాత్రమే కాదు. ఈ మార్గమున నడచిన బోయింగ్ 777 దీర్ఘగామి విమానమునకు లక్షా ఎనుబదివేల లీటర్ల ఇంధనము పట్టును. దూరము పెరిగినకొలది, మరికొంత ఇంధనమును మోయుటకే మరికొంత ఇంధనము కావలసి, ఆ మేరకు ప్రయాణికులను సరుకును తగ్గించుకొనవలెను. వైమానికుల పని గంటలకు చట్టము హద్దు పెట్టినది. ఆ హద్దు దాటునెడల నడుమ దిగి సిబ్బందిని మార్చవలెను. ఈ భారమంతయు చివరకు టిక్కెట్టు ధరలోను, తప్పిపోయిన కనెక్టింగు విమానములలోను తేలును.

ఆ భారము మోయువారిలో తెలుగువారు తక్కువ కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతము చుట్టునున్న ఫ్రీమాంట్, సన్నీవేల్, శాన్‌హోసే పట్టణములలో మనవారి సంసారములు వేలకొలది గలవు. 2021లో హైదరాబాదు నుండి షికాగోకు ఎయిర్ ఇండియా ఆరంభించిన నాన్‌స్టాప్ విమానము నిలువలేదు; కాబట్టి గుంటూరునుండియో కరీంనగరునుండియో కూతురి పురుటికి పోవు తల్లి, పచ్చళ్ల డబ్బాలతో, మోకాళ్ల నొప్పులతో, ఢిల్లీలోనో, దుబాయిలోనో, దోహాలోనో విమానము మారక తప్పదు. గల్ఫు సంస్థల విమానములు పాకిస్తాను మీదుగ నిరాటంకముగ పోవుచుండగా, మన సంస్థల విమానములు అరేబియా సముద్రము చుట్టి పోవుచున్నవి. ఆ తల్లి ఏది ఎన్నుకొనునో చెప్పవలసిన పని లేదు. శత్రువునకు బుద్ధి చెప్పుటకు మూసిన తలుపులవలన లాభించినవారు మూడవ ఇంటివారు.

దేశరక్షణ ముందు, ప్రయాణికుల సౌకర్యము తరువాత అని కొందరు వాదింతురు. ఆ క్రమమును నేనును అంగీకరింతును. క్షిపణులు ఎగురుచున్నచోట ప్రయాణికుల విమానము ఎగురరాదు. మూయవలసిన ఆకాశమును మూయకుండుటయే పాపము. 2014 జులై 17న ఉక్రెయిన్ మీద మలేషియా విమానము కూల్చివేయబడి 298 మంది మరణించిరి. ఆనాడు 32,000 అడుగుల వరకే ఆకాశమును మూసియుంచగా, ఆ విమానము 33,000 అడుగులలో పోవుచుండెను. కాని ప్రమాదమునుబట్టి మూయుట వేరు, జెండానుబట్టి మూయుట వేరు. దుబాయి విమానమునకు, బ్రిటిషు విమానమునకు క్షేమకరమైన ఆకాశము భారతీయ విమానమునకు మాత్రము ప్రమాదకరమెట్లగును? షికాగో ఒడంబడిక తొమ్మిదవ అధికరణము, అసాధారణ పరిస్థితులలో ఆకాశమును తాత్కాలికముగ మూయవచ్చునని చెప్పుచునే, ఆ నిషేధము జాతిభేదము లేక అన్ని పరరాజ్యముల విమానములకును వర్తింపవలెనని నియమించినది. యుద్ధమో, ప్రకటిత జాతీయ విపత్తో వచ్చినచో ఈ కట్టుబాటునుండి తప్పుకొనుటకు 89వ అధికరణము వీలు కల్పించుచున్నది. కాని ఆ మినహాయింపు నెలనెలకు పొడిగించుకొను అలవాటుగ మారుట ఒడంబడికను వ్రాసినవారి ఉద్దేశము కానేరదు.

కావున మన ప్రభుత్వము చేయదగినవి రెండు గలవు. మొదటిది సులభము: టిక్కెట్టు అమ్మునపుడు విమానము ఏ మార్గమున పోవును, నడుమ ఇంధనమునకు దిగునా, వాస్తవముగ ఎన్ని గంటలు పట్టుచున్నది అను సంగతులను ప్రయాణికునకు ముందుగ తెలుపునట్లు సంస్థలను నిర్బంధించుట. దీనికి ఏ పరదేశపు అనుమతియు అక్కరలేదు.

రెండవది కష్టము, అయినను అపూర్వము కాదు. పౌరవిమానముల రాకపోకలను ప్రతీకారసాధనముగ వాడరాదని భారత, పాకిస్తానులు ప్రత్యేకముగ ఒక ఒడంబడిక చేసికొనవలెను. శత్రువులు మాట నిలుపుకొందురా యని నవ్వువారికి ఒక సంగతి జ్ఞాపకము చేయుదును. ఒకరి అణుకేంద్రములపై నొకరు దాడి చేయరాదని 1988 డిసెంబరు 31న ఈ రెండు రాజ్యములే సంతకము చేసినవి. ఆ ఒడంబడిక ప్రకారము 1992 మొదలు ప్రతి జనవరి 1వ తేదీన తమ అణుకేంద్రముల జాబితాలను పరస్పరము అందించుకొనుచున్నవి. కార్గిలు యుద్ధము జరిగినను, బాలాకోట్ జరిగినను, ఆ యాచారము తప్పలేదు. తమ దేశములలోని అతిరహస్య స్థానముల పట్టికను ఏటేట ఒకరి కొకరు నమ్మి యిచ్చుకొనగలిగిన ప్రభుత్వములు, పురుటికి పోవు తల్లులను మోసికొని పోవు విమానమును తమ నెత్తిమీదుగ పోనిచ్చుటకు ఒప్పుకొనలేవని వాదించువారు, ఆ అసాధ్యత ఎచ్చటనున్నదో ముందుగ మనకు చూపవలసియున్నది.